మొదటి విమానము నెన్నుకొనుట

"అక్కా! మా బాబుకు కంప్యూటరులో విమానం నడిపే ఆట కావాలట. ఏది కొనాలో సారునడిగి చెప్తారా?" అని పోయిన వేసవిలో మా ప్రక్కయింటి యిల్లాలు నన్నడిగినది. ఆమె యడుగు నాటికే మా యింట ఆ విషయమున నొక పొరపాటు జరిగి, సొమ్ము పోయి, పిదప దానికి దిద్దుబాటు కూడ జరిగియుండెను. కావున ఉపాధ్యాయులైన మా వారి నడుగ నక్కఱలేకయే నేను సమాధానము చెప్పగలిగితిని. తరువాత మఱి యిద్దరు తల్లులు అదే ప్రశ్న వేసిరి. ఆ సమాధానమునే కొంత విస్తరించి సోదరీమణుల యెదుట నుంచుచున్నాను.

రాయదుర్గమున నిట్టి ప్రశ్న పుట్టుట వింత కాదు. మెట్రో రైలు 2019 నవంబరులో ఇక్కడికి వచ్చినది. మఱుసటి సంవత్సరము సెప్టెంబరులో దుర్గము చెఱువుపై తీగల వంతెన వెలసినది. చుట్టును అద్దాల మేడలు, వానినిండ కంప్యూటరులు. లోకమున మిక్కిలి పేరుపొందిన విమాన సిమ్యులేటరును ప్రకటించు మైక్రోసాఫ్టు సంస్థ వారి కార్యాలయము ప్రక్కనున్న గచ్చిబౌలిలోనే కలదు. పిల్లలు బడిలో ఒకరి నోట నొకరు విని యింటికి వచ్చి, "అది కొనుము, ఇది కొనుము" అని మారాము చేయుదురు. తల్లికో, అది బొమ్మయో విద్యయో తెలియదు. ఎంత సొమ్ము పెట్టవచ్చునో తెలియదు. తెలియనిచోట రెండే మాటలు వచ్చును. "వద్దు" అనుట యొకటి, "అన్నిటికంటె ఖరీదైనది తెండు" అనుట రెండవది. ఈ రెండును తప్పే యని నా యనుభవము.

ఇది ఆటయా, విద్యయా?

ముందుగా సిమ్యులేటరనగా నేమో చూతము. విమానము నేలమీదనే యుండగా, అది గాలిలో నెగురునప్పుడు ఎట్లు నడచునో అట్లే నడచునట్లు చేసి చూపు సాధనమే సిమ్యులేటరు. దీని పుట్టుక వినదగినది. అమెరికాలో ఎడ్విన్ లింకు అను యువకుని తండ్రికి పియానోలు, ఆర్గనులు చేయు కర్మాగార ముండెడిది. మన హార్మోనియమున గాలిని త్రోయు తిత్తుల వంటివి ఆ ఆర్గనులోను ఉండును. ఆ తిత్తులతోనే లింకు ఒక చిన్న విమానపు పెట్టెను ముందుకు వెనుకకు ప్రక్కలకు ఒఱగునట్లు 1929లో నిర్మించెను. మొదట దానిని జనులు సంతలలో వేడుక వస్తువుగా చూచిరి. 1934లో అమెరికా సైన్యమువారు తపాలాను విమానములపై చేరవేయు పనికి పూనుకొనినప్పుడు, మబ్బులలో దారి కానక పలువురు వైమానికులు మృతిచెందిరి. అప్పుడు సైన్యము వారికి ఆ వేడుక వస్తువు విలువ తెలిసి, ఆరు పెట్టెలను కొనిరి. రెండవ ప్రపంచయుద్ధమున లక్షలకొలది యువకులు ఆ పెట్టెలలోనే మొదటి పాఠము నేర్చిరి.

మన హైదరాబాదునకును ఈ విద్యతో చాలకాలపు చుట్టఱికము కలదు. ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి కేంద్ర శిక్షణాలయము దశాబ్దములపాటు ఈ నగరముననే యుండి, పెద్ద విమానముల సిమ్యులేటరులపై వైమానికులకు తరిఫీదు నిచ్చినది. అట్టి యంత్రము ఒక గది యంత యుండి, ఇనుప కాళ్ళపై ఊగును. దాని వెల కోట్లలో నుండును. అది మన మాటకు రాదు.

మన యిండ్లకు వచ్చునది కంప్యూటరు తెరపై నడచునది. బ్రూస్ ఆర్ట్‌విక్ అను నాతడు దీనికి ఆద్యులలో నొకడు. ఆతని రచనయే 1982లో మైక్రోసాఫ్టు ఫ్లైట్ సిమ్యులేటరను పేర వెలువడినది. నాటి తెరపై భూమి కొన్ని గీతలు మాత్రమే. నేడు ఉపగ్రహ చిత్రములతో మన చెఱువులు కొండలు నున్నవున్నట్లు కనబడుచున్నవి. ఐనను నేర్పు పాఠము మాఱలేదు. కాబట్టి ఆటయా విద్యయా యను ప్రశ్నకు సమాధానము వస్తువులో లేదు, వాడుకలో నున్నది. హార్మోనియము మెట్లు ఊరక నొక్కినచో చప్పుడు, వరుస నెఱిగి నొక్కినచో సంగీతము.

మా యింటి పొరపాటు

మా పెద్దమ్మాయికి పదుమూడేండ్లు. ఆకాశమున విమానము పోవుచుండగా అన్నము ముద్ద చేతిలో పట్టుకొని వాకిటిలోనికి పరుగెత్తు పిల్ల. తన పుట్టినదినమునకు సిమ్యులేటరు కావలెనని కోరినది. మాకు ఇంట నొక పాత ల్యాప్‌టాపు కలదు. మా మఱిది క్రొత్తది కొనుకొన్నప్పుడు మా కిచ్చినది. నేను ఇంటిఖర్చులో మిగిల్చిన సొమ్ము నాలుగువేల చిల్లర యుండగా, ఒక దుకాణమువాని నడిగితిమి. "అన్నిటికంటె మంచి దిదే, మీ ల్యాప్‌టాపులో చక్కగా నడచును" అని యాతడు చెప్పెను. ఆ మాట నమ్మి, మా యంత్రము శక్తి యెంతయో చూచుకొనక కొంటిమి. అది దిగుటకు రెండు రాత్రులు, ఒక పగలు పట్టినది. తీరా తెఱచి చూడగా విమానము ఎద్దుబండివలె కదలి, నాలుగు నిముషములకు తెర బిగిసిపోయి, ల్యాప్‌టాపు అట్లకాడ పెట్టిన పెనమువలె కాగినది. దుకాణమువాడు సొమ్ము తిరిగి యీయడయ్యెను.

మా వారు "ఇక యీ ఊసు ఎత్తవద్దు" అనిరి. కోపము కాదు, నెల చివఱ కదా! అమ్మాయి మాఱు పలుకలేదు. మూడు దినములు మాటాడక పుస్తకముల నెదుట పెట్టుకొని కూర్చున్నది. తప్పు పిల్లది కాదు, కోరిక అంతకంటె కాదు. కొలత చూడక రవికె గుడ్డ చింపిన మాది తప్పు. నాలుగవ దినమున బడి గ్రంథాలయములోని కంప్యూటరులో చూచి వచ్చి, "అమ్మా! డబ్బు లేకుండా దొరికేది ఒకటుందట. పాత యంత్రములోనూ నడుస్తుందట. చూడనిస్తావా?" అని యడిగినది. ఆ పిల్ల అడిగిన తీరు నన్ను కదల్చినది. సరే యంటిని. అది మొదలు నేనును దాని ప్రక్కన కూర్చుండి నేర్చుకొంటిని. ఈ క్రింద చెప్పునది ఆ నేర్పే.

మొదట మీ యంత్రమును చూచుకొనుడు

కంప్యూటరులో నాలుగు సంగతులు చూడవలెను. ఒకటి, ర్యాము. ఇది వంటగదిలోని గట్టు వంటిది. గట్టు పెద్దదైనచో నాలుగు గిన్నెలు ఒక్కమాఱు పెట్టుకొని పని చేయవచ్చును. చిన్నదైనచో ఒకటి దింపి యొకటి యెక్కింపవలెను. రెండవది, డిస్కు. ఇది అటక వంటిది, వస్తువులు దాచుకొను చోటు. మూడవది, గ్రాఫిక్స్ కార్డు. తెరపై క్షణమునకు ముప్పది బొమ్మలైనను గీయు చిత్రకారు డిదియే. అంతకు తగ్గినచో బొమ్మ కుంటుచు నడచును. కార్యాలయపు పనికై కొన్న ల్యాప్‌టాపులలో ఈ చిత్రకారుడు బలహీనుడుగా నుండును. వ్రాతకోతలకు లెక్కలకు ఆతడు చాలును గాని, కొండలను మబ్బులను గీయుమన్న తడబడును. నాలుగవది, ఇంటర్నెట్టు వేగము.

ఈ నాలుగింటిని ఒక కాగితముపై వ్రాసికొనుడు. ప్రతి సిమ్యులేటరు వారును తమకు కనీసము కావలసినది, బాగుగా నడచుటకు కావలసినది అని రెండు పట్టికలు ప్రకటింతురు. కనీసపు పట్టికతో తృప్తి పడక రెండవ పట్టికతో పోల్చి చూడుడు. కనీసమనగా తెఱచుకొనునని యర్థము, హాయిగా నడచునని కాదు. మేము చేయక పోయిన పని యిదియే. పది నిముషముల పని, నాలుగువేల రూపాయల పాఠము.

నాలుగు మార్గములు

ఒకటవది ఫ్లైట్‌గేర్. దీనికి వెల లేదు. దేశదేశముల యందలి యుత్సాహవంతులు 1990ల చివఱినుండి కలసి కట్టుచు, ఎల్లరకు ఉచితముగా నిచ్చుచున్నారు. దీని మూలరచన సహితము దాచకుండ బయట పెట్టిరి. పాత యంత్రములలో బొమ్మల మెఱుగు తగ్గించుకొని నడపవచ్చును. ఇందు భూమి యెత్తుపల్లములు, రన్‌వేలు ఉండును గాని, మన వీధి మన యిల్లు గుర్తుపట్టునట్లు కనబడవు. అమర్చుకొనుట కొంచెము చిక్కు. ఓర్పు గల పిల్లకు ఆ చిక్కును ఒక పాఠమే. మా యమ్మాయి నేర్చినది దీనితోనే.

రెండవది జియో ఎఫ్ ఎస్. దీనిని యంత్రములోనికి దింపుకొన నక్కఱ లేదు. ఇంటర్నెట్టు చూచు బ్రౌజరులోనే తెఱచుకొనును. ఉపగ్రహ చిత్రములపై ఎగురవచ్చును. ఉచితముగానే లభించును, మెఱుగైన చిత్రములకు మాత్రము కొంత సొమ్ము అడుగుదురు. ఊళ్ళు, నదులు పైనుండి చూడగోరు వారికి ఇది సులువైన ద్వారము.

మూడవది ఎక్స్-ప్లేన్. ఆస్టిన్ మేయర్ అను నాతడు 1995లో మొదలుపెట్టినది. దీని పండ్రెండవ రూపము 2022లో వచ్చినది. ఱెక్కను చిన్నచిన్న తునకలుగా విభజించి, ఒక్కొక్క తునకపై గాలి యెంత త్రోయునో లెక్క కట్టుట దీని ప్రత్యేకత. విమానపు నడక దీనిలో మిక్కిలి సహజముగా నుండునని యెఱిగినవారు మెచ్చుకొందురు. కనీసము 8 జి.బి. ర్యాము కావలెను, 16 ఉన్న మేలు. దీనికి వెల యున్నది గాని, కొనకముందు పరిమితముగా ఉచితముగా నడపి చూచు ఏర్పాటు కలదు. కనుక మీ యంత్రము దీనిని మోయగలదో లేదో సొమ్ము పెట్టక ముందే తెలియును. చీర కొనకముందు వెలుతురున పఱచి చూచినట్లే.

నాలుగవది మైక్రోసాఫ్టు ఫ్లైట్ సిమ్యులేటరు. పదునాలుగేండ్ల విరామము పిమ్మట 2020 ఆగస్టున క్రొత్త రూపమున, మరల 2024 నవంబరున మఱియొక రూపమున వెలువడినది. ఫ్రాన్సు దేశపు అసోబో సంస్థవారు దీనిని నిర్మించిరి. అందమున దీనికి సాటి లేదు. కాని 2024 రూపమునకు కనీసము 16 జి.బి. ర్యాము, బాగుగా నడచుటకు 32 కావలెను. మంచి గ్రాఫిక్స్ కార్డు వేఱుగా నుండవలెను. అన్నిటికి మించి, అందలి ప్రపంచ మంతయు ఎప్పటి కప్పుడు ఇంటర్నెట్టు ద్వారమున వచ్చుచుండును. మనుచరిత్రమున ప్రవరుని పాదలేపము కథ మన మెల్లర మెఱుగుదుము గదా! లేపనమున్నంతవఱకు హిమవత్పర్వతము చేరినాడు. మంచునకు లేపనము కరగగానే యిల్లు చేరు దారి లేకపోయినది. ఇంటర్నెట్టు నిలుకడ లేని యింట ఈ సిమ్యులేటరు అట్టిదే. నిలుకడయైన ఇంటర్నెట్టు, బలమైన యంత్రము రెండు నున్నవారు దీనిని నిర్భయముగా తీసికొనవచ్చును. వారును ఒక్కమాఱే కొనక, గేమ్ పాస్ అను నెలవారీ చందాతో ఒక నెల చూచి, నచ్చినచో కొనుట మేలు. చందా మానుట మాత్రము మఱవరాదు.

డి.సి.ఎస్. వరల్డు అనునది ఇంకొకటి కలదు. దాని మూలము ఉచితమే గాని అది యుద్ధవిమానములది. మీటలు వందలకొలది. తొలి పాఠమునకు తగదు.

ఎవరికి ఏది?

వీనిలో నేది శ్రేష్ఠమని యడిగిన నేను చెప్పలేను. ఎవరికి, ఏ పనికి అని యడిగిన చెప్పగలను. మా యింటనే రెండు కోరికలు, రెండు సమాధానములు దొరకినవి.

మా యత్తగారు మొదట "ఆడపిల్లకు విమానం ఎందుకే?" అని సణిగిరి. ఒక సాయంకాలము అమ్మాయి తన నాయనమ్మను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, జియో ఎఫ్ ఎస్ తెఱచి, శంషాబాదునుండి దక్షిణముగా పోయి కృష్ణను చూపినది. మా యత్తగారి పుట్టినూరు నల్లగొండ జిల్లాలో కృష్ణ యొడ్డున నుండెడిది. నాగార్జునసాగరమునకు 1955లో శంకుస్థాపన జరిగినది. ఆనకట్ట పూర్తియైన పిమ్మట వారి యూరు నీటిలో కలసిపోయెను. అప్పటికి వారు చిన్నపిల్ల. తెరపై ఆ నీలపు నీరంతయు పఱచుకొని యుండగా, ఆమె కొంతసేపు చూచి, "ఆ మలుపు దగ్గరే. మా బావి అక్కడే ఉండేది" అని వ్రేలు పెట్టి చూపిరి. మఱి రెండుమాఱు లదే చుట్టు త్రిప్పించుకొనిరి. ఆమెకు కావలసినది భూమిని చూచుట. దానికి ఉపగ్రహ చిత్రములున్నదే సాధనము. విమానము సరిగా నడచినదా లేదా యను చింత ఆమెకు లేదు.

మా యమ్మాయికి కావలసినది విమానమును నడుపుట. దానికి తెర యందము కంటె ఱెక్క ప్రవర్తన ముఖ్యము. కాబట్టి ఫ్లైట్‌గేర్. ఈ భేదము గ్రహించినచో ఎంపిక సగము ముగిసినట్లే. మీ పిల్ల "మన యూరు పైనుండి చూడవలెను" అనుచున్నదా, "నేను దింపవలెను" అనుచున్నదా? ఆ మాట చెవి యొగ్గి వినుడు.

పరికరముల విషయము

జాయ్‌స్టిక్కు, యోకు అను చక్రము, పాదములతో త్రొక్కు పెడళ్ళు అని అంగడిలో అనేకములు కలవు. మొదటినాడే వీనిని కొనకుడు. మా ప్రక్కవీధిలో నొక యింట ఇవన్నియు లక్షకు పైగా పెట్టి కొని, రెండు నెలల కెల్ల దుప్పటి కప్పి మూల నుంచిరి. ఒక నెల మీటల బోర్డుతోను, మౌసుతోను సాగనిండు. ఆసక్తి నిలిచినచో అప్పుడు ఒక్క జాయ్‌స్టిక్కు చాలును. దానిని మెలిపెట్టినచో ముక్కు కుడి యెడమలకు తిరుగునట్టిది చూచి తీసికొనుడు. అట్టిదైనచో పెడళ్ళు వేఱుగా నక్కఱ లేదు. వేగము పెంచు తగ్గించు చిన్న పిడి కూడ దానికే యుండవలెను. యు.ఎస్.బి. తీగతో అతుకుకొనునది, తిరిగి యిచ్చు గడువు గలది యేఱుకొనుడు.

మొదటి పాఠములు

పెద్ద జెట్టు విమానముతో మొదలిడుట పిల్లలందఱు చేయు తప్పు. సెస్నా 172 అను చిన్న విమానముతో మొదలిడవలెను. 1955లో మొదట నెగిరిన యీ నలుగురు కూర్చుండు విమానము నలువది వేలకు పైగా నిర్మింపబడినది. లోకములో నింత విరివిగా చేసిన విమానము వేఱొకటి లేదు. పైన చెప్పిన సిమ్యులేటరులలో దాదాపు అన్నిట నిది కలదు. దీని వేగము నాట్లలో చూపును. ఒక నాటు గంటకు 1.852 కిలోమీటరులు. ఇంచుమించు 55 నాట్ల కడ ముక్కు మెల్లగా నెత్తి, 75 కడ పైకి బ్రాకి, దిగునప్పుడు 65 కడ నుంచుట తొలి లెక్క.

మొదటి వారము నాలుగే పనులు: తిన్నగా పోవుట, తిరుగుట, ఎక్కుట, దిగుట. తెరలోని గడియారములనే చూడక, కిటికీ బయటి దిఙ్మండలమును చూడుడని పిల్లకు చెప్పుడు. చేతిని గట్టిగా బిగించిన విమానము పడిలేచుచుండును. కవ్వము త్రాడు లాగినట్లు, ఇటు కొంచెము అటు కొంచెము, మెత్తగా పట్టవలెను.

రన్‌వే కొనలపై నుండు అంకెల మర్మము తెలిసికొన్నచో పిల్లలకు మిక్కిలి సంతోషము. ఉత్తరము మొదలు దిక్చక్రమును 360 భాగములుగా లెక్కింతురు. తూర్పు 90, పడమర 270. చివఱి సున్న తీసివేసి వ్రాయుదురు. బేగంపేట రన్‌వేకు ఒక కొన 09, రెండవ కొన 27. అనగా ఒక కొననుండి పోయిన తూర్పునకు, రెండవ కొననుండి పోయిన పడమరకు పోవుదుము. విమానము గాలి కెదురుగా లేవవలెను గనుక, పడమటి గాలి వీచు వానకాలమున 27 వైపు లేచుట సహజము. ఇట్లు ఒక్క అంకెతో దిక్కులు, కోణములు, ఋతువులు మూడును పాఠమునకు వచ్చును.

ఇంకొక సంగతి మా యమ్మాయి దెబ్బ తిని నేర్చినది. ఎత్తు చూపు గడియారము నేలనుండి కాక సముద్రమట్టమునుండి లెక్కించును. మన దక్కను పీఠభూమి యెత్తైనది. శంషాబాదు విమానాశ్రయమున నేలమీద నున్నప్పుడే అది 2,024 అడుగులు చూపును. బేగంపేటలో కొంచెము తక్కువ. మొదటిదినములలో అమ్మాయి గడియారమున 2,000 చూచి, "ఇంకా చాలా ఎత్తున ఉన్నాము" అని ధీమాగా నుండగనే విమానము నేలను తాకి ముక్కలైనది. లేచి పోయి భూగోళపు పుస్తకము తెచ్చి, దక్కను పీఠభూమి పాఠము తానే తీసి చదివినది. ఆ పాఠమును అంతకుముందు బట్టీ పట్టి మార్కులు తెచ్చుకొన్నదే!

బేగంపేటనుండి శంషాబాదునకు పోయి దిగుట మంచి తొలి ప్రయాణము. 2008 మార్చి 23 నాడు నగరపు ప్రయాణిక విమానములన్నియు బేగంపేటను విడిచి శంషాబాదునకు తరలినవి. ఆ మార్పును పిల్లలు తమ చేతులతో మరల చేసినట్లగును.

ఒకనాటి రాత్రి అందఱు నిద్రించిన పిదప నేనును ఒక్కమాఱు దింప జూచితిని. శాకుంతలము సప్తమాంకమున దుష్యంతుడు ఇంద్రుని రథమున దిగుచు, భూమియే తన యొద్దకు పైకి వచ్చుచున్నట్లు, ఆకుల గుంపుగా నున్నవి విడివడి చెట్లగుచున్నట్లు చెప్పుటను చిన్ననాడు మా తండ్రిగారి యొద్ద చదివితిని. కవిసమయ మనుకొంటిని. తెరపై శంషాబాదు నేల నావైపునకు లేచి వచ్చుచుండగా, ఆ మహాకవి చూచినట్లే వ్రాసెనని తోచినది. ఆ తోచుటలో చేయి పట్టు తప్పి విమానము గడ్డిలో దిగినది. ఆ మాట వేఱు!

కాలము, సొమ్ము

రెండు కట్టుబాట్లు మొదటినుండియు నుండవలెను. మా యింట బడిదినములలో ముప్పావుగంట, సెలవుదినమున రెండు గంటలు. అర్ధగంట కొకమాఱు లేచి దూరపు వస్తువును చూడవలెను. యంత్రము నడవలో నుండవలెను, తలుపు వేసిన గదిలో కాదు. విమానము సగము దారిలో నున్నదని గడువు పెంపకుడు. నిలిపి యుంచు మీట అన్నిట కలదు.

సొమ్ము విషయము ఇంకను జాగ్రత్త. సిమ్యులేటరు కొన్న ఖర్చు ఒక్కమాఱుతో పోదు. క్రొత్త విమానములు, క్రొత్త విమానాశ్రయములు విడివిడిగా అమ్ముదురు. ఒక్కొక్కటి చిన్న మొత్తమే గాని కూడిన పెద్దది. బ్యాంకు కార్డు సంఖ్యను యంత్రమున నిలువ యుంచకుడు. స్టీమ్ అను అంగడిలో కొన్నచో, 14 దినములలోపల, రెండు గంటలకు మించి నడపకుండిన సొమ్ము తిరిగి యడుగు నియమము కలదు. కనుక కొన్న వెంటనే నడపి చూడవలెను, పండుగకని దాచి యుంచరాదు.

ఆ కుర్చీలో నెవరు?

కడపట నొక మాట. నన్ను ప్రశ్న యడిగిన తల్లులు ముగ్గురును "మా బాబుకు" అనియే యడిగిరి. అందొకరి యింట బాబు కంటె పెద్దదైన కూతురు కలదు. ఆ పిల్ల తమ్ముని కుర్చీ వెనుక నిలువబడి చూచుచుండుట నేను చూచితిని. నేనును దోషిని కాకపోలేదు. మా పాత ల్యాప్‌టాపు వచ్చిననాడు దానిని మొదట మా చిన్నవాని చదువునకే యనుకొంటిని.

ఇదే హైదరాబాదున జరిగిన యొక సంగతి జ్ఞాపకము చేసెదను. నిజాము ప్రభుత్వము, టాటావారు కలసి 1945లో దక్కన్ ఎయిర్‌వేస్ అను విమాన సంస్థను స్థాపించిరి. బేగంపేట దాని నెలవు. 1947లో వైమానికురాలిగా లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్ అను యువతి పలు సంస్థల కర్జీలు పెట్టుకొన్నది. ఎనిమిది సంస్థలు స్త్రీ యని తిరస్కరించినవి. ఆమెకు పని యిచ్చినది హైదరాబాదునందలి యీ దక్కన్ ఎయిర్‌వేస్. ఆమె 1949లో జాతీయ విమాన పందెమును గెలిచినది. వాణిజ్య విమానములు నడిపిన తొలి భారత మహిళగా ఆమెను లెక్కింతురు. మన యూరు ఆనాడే తలుపు తెఱచినది. మన నట్టింటిలో ఆ తలుపు మనమే మూయుట తగునా?

అట్లని పెద్ద యాశలు పెట్టుకొనుమని నేను చెప్పను. ఇంటి సిమ్యులేటరుపై నడపిన గంటలు లైసెన్సు లెక్కకు రావు. మన దేశమున వాణిజ్య వైమానికుని లైసెన్సునకు పదునెనిమిదేండ్ల వయస్సు, నిజమైన యాకాశములో 200 గంటల యెగురుట కావలెను. ఆ చదువునకు అగు వ్యయము ఉపాధ్యాయుల యింటికి చిన్నది కాదు. మా యమ్మాయి వైమానికురాలగునో, లెక్కల పంతులమ్మ యగునో, ఈ రెండును కాదో నేనెఱుగను. కాని తన కోరికకు తగిన కొలతను తానే వెదకి తెచ్చుకొన్నది. ఊరక మారాము చేయలేదు. నేను దానినుండి నేర్చినది అదియే.

ప్రక్కయింటి యిల్లాలికి నేను చెప్పిన సమాధానమును క్లుప్తముగా మరల చెప్పెదను. యంత్రము కొలత వ్రాసికొనుడు. ఉచితమైన దానితో ఒక నెల గడపుడు. చూచుట కోరికయో నడపుట కోరికయో కనుగొనుడు. సెస్నాతో మొదలిడుడు. నిలిచిన ఆసక్తికి మాత్రమే సొమ్ము పెట్టుడు. కుర్చీలో కూతునకును వంతు నిండు.

ఆమె అట్లే చేసినది. మొన్న వారి యింటికి పేరంటమునకు పోగా, బాబు చందమామ బొమ్మలు వేసికొనుచు నేలపై కూర్చున్నాడు. వాని యక్క కంప్యూటరు ముందు కూర్చుండి, పెదవి కొఱుకుచు, బేగంపేట 27 వైపునకు తన విమానమును త్రిప్పుచుండెను. నేను వెనుక నిలిచి, అది దిగువఱకు పసుపు బొట్టు పెట్టించుకొనక కాచియుంటిని.